నీళ్ళు తేరుకునేలోగా

నీళ్ళింకా తేరుకోలేదు. ఇందాక చిక్కటి డికాక్షన్‌లా ఉన్నవి కాస్త పల్చబడ్డాయి గానీ, చేపలతొట్టి గాజుకి ముక్కు ఆనించి చూసినా ఇవతలి నల్ల ఇసుక తప్ప ఏమీ ఆనడం లేదు. అవతల దుంగ ఉండాల్సిన చోట ఒక మసక, దాని ముందు తను ఇప్పుడే నాటిన మొక్క ఉండాల్సిన చోట ఇంకో మసక. మూలనున్న ఫిల్టరు గుర్రుమంటూ దాని పాటికి అది నీళ్ళు పీలుస్తోంది, వదులుతోంది. దానికేం తొందర, బస్సు దిగి ఇంటికి వస్తున్నది దాని సవతి కూతురు కాదుగా. ఇప్పుడే మొగుడు ఫోన్ చేసి చెప్పాడు, దిగింది, ఆకలంటోంది, ఇక్కడే ఏదైనా తినిపించి తీసుకొస్తాను అని. మంచిదే, తినండి, నిదానంగా నమిలి తినండి, పొలమారకుండా తినండి, అనుకుంది ఆమె. ఆ తర్వాత టాక్సీ కోసం ఎదురుచూపు, ఆ తర్వాత సాయంత్రం రద్దీ, ఆ తర్వాత మూడంతస్తుల మెట్లు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేసే మనిషి లిఫ్టు లేని ఇల్లు చూసుకున్నాడు, అందుకు మొదటిసారిగా సంతోషం కలిగింది. ఎంత లేదన్నా గంట పడుతుంది. ఆ గంటలో నీళ్ళు తేరుకోవాలి. తేరుకోకపోతే పిల్ల అడుగుతుంది, ఇసుక ఎందుకు లేచింది, ఎవరు కదిపారు అని. ఆ పిల్ల అన్నీ అడుగుతుంది. మర్యాదగా అడుగుతుంది, అదే చావు.

మోచేతుల దాకా తడి, గోళ్ళ కింద నల్లమట్టి. సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే మనిషి చేతులు ఇలా ఉంటే యజమాని చూసి ఏమంటాడో. నిజానికి చేతుల విషయంలో ఆమెకి లోపం లేదు, ఆవగింజంత మరమేకుని పట్టకారుతో పట్టుకుని ఫ్రేములో బిగించే చేతులు, వణకడం ఎరగవు. ఇందాకా వణకలేదు. పొడవాటి పట్టకారుతో మొక్క మొదలు పట్టుకుని ఇసుకలోకి ఏటవాలుగా దించి, కొంచెం పైకి లాగి, వదిలేసింది. వెబ్‌సైట్‌లో చూసినట్టే. రోజంతా జనం ముందు అద్దాలు మార్చి మార్చి పెడుతూ అడుగుతూ ఉంటుంది, మొదటిది బాగుందా, రెండోది బాగుందా, మళ్ళీ చూపించనా, మొదటిదా, రెండోదా. చాలామంది తెగ ఆలోచించి మొదటిదే అంటారు. కొంతమంది రెండూ ఒకటేనండి అంటారు, అలాంటి వాళ్ళంటే ఆమెకి ఎందుకో ఇష్టం. ఆ మాట ఈ ఇంట్లో ఒక్కరు కూడా అనలేదు, మూడేళ్ళలో.

ఈ తొట్టి ఆవిడ పెట్టింది. ఆవిడంటే అతని మొదటి భార్య, పిల్ల తల్లి. చచ్చిపోయి ఉంటే ఫొటోకి దండ వేసి దణ్ణం పెట్టుకునేవాళ్ళు, ఆమె కూడా పెట్టుకునేది, అందులో ఒక సుఖం ఉంది. ఆవిడ నిక్షేపంగా ఉంది. నదుల మీద వంతెనలు కట్టే ఇంజనీరు. ఒక వంతెన అయిపోగానే ఇంకో ఊరు, ఇంకో నది. నేను ఆగను అందట ఆవిడ, నేను కదలను అన్నాడట ఇతను, అంతే, అరుపులు కేకలు లేకుండా విడిపోయారు. అన్ని నదుల మీద వంతెనలేసింది గానీ వంటింటికీ హాలుకీ మధ్య ఒక్కటి వెయ్యలేకపోయింది అని ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా నవ్విస్తుంది, నవ్వించి, తొట్టి ముందు నిలబడి, ఏమాటకామాటే, దాని చేతి చలవ వేరు, అంటుంది. పక్కింటి వాళ్ళూ అదే, గ్యాసు తెచ్చేవాడూ అదే. తలుపు తియ్యగానే ఎదురుగా నాలుగడుగుల గాజుతొట్టి, లోపల అడవి, వెనక నిలువు కాడల ఎర్రాకు మొక్కలు, దుంగ మీద నాచు, నీలంగీత చేపల గుంపు, అన్నిటికీ నడిమధ్య ఆ మొక్క. అంచులు ముడతలు పడ్డ పొడవాటి ఆకులు, పైన ముదురాకుపచ్చ, కింద ఇటుకరంగు, గంటసేపు చూసినా కదలనట్టే ఉండి కదిలే ఆకులు. దానికి దుకాణంలో ఏదో నోరు తిరగని పేరుంది గానీ ఇంట్లో దాని పేరు అమ్మ మొక్క. అమ్మా నేనూ కలిసి నాటాం, నేను చిన్నప్పుడు, నా చేత్తో నేనే గుచ్చాను, అని పిల్ల ఎవరొచ్చినా చెబుతుంది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజు ఆమెకీ చెప్పింది. చెప్పి, మీరు ముట్టుకోకండేం, అంది.

మీరు. ఆ మీరులోనే ఉంది అంతా. తల్లిని నువ్వు అంటుంది, తండ్రిని నువ్వు అంటుంది, చెత్తబండి ముసలాయన్ని కూడా నువ్వు తాతా అంటుంది, ఆమెని మాత్రం మీరు. మీరు తిన్నారా, మీరు పడుకోండి, మీకెందుకు శ్రమ. చూసేవాళ్ళు ఎంత మన్నన, ఎంత పద్ధతి అనుకుంటారు. పిలుపు మాత్రం లేదు. అమ్మా కాదు, పిన్నీ కాదు, ఆంటీ కూడా కాదు. ఏదైనా కావాలంటే గదిలోకి వచ్చి నిలబడుతుంది, తను తలెత్తేదాకా నిలబడి, అప్పుడు మొదలుపెడుతుంది. అందరూ దాన్ని పిట్ట అంటారు, బక్కగా ఉంటుందని తల్లి పెట్టిన పేరు, ఆమెకి ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది, అమ్మాయ్ అంటుంది. ఒకసారి పిల్లకి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి రోజంతా మూసిన కన్ను తెరవలేదు, పక్కనే కూర్చుని తడిగుడ్డ మారుస్తుంటే, మగతలో ఆమె వేలు పట్టుకుని అమ్మా అంది. ఆ ఒక్క క్షణం. కళ్ళు తెరిచి చూసి, సారీ అండి, అంది, వేలు వదిలేసింది. జ్వరంలో కూడా మర్యాద తప్పలేదు మహాతల్లి. ఇంకోసారి స్నేహితురాళ్ళతో దుకాణానికి వచ్చింది, విరిగిన ఫ్రేము బాగుచేయించుకోవడానికి, ఈవిడెవరే అని ఒకతె అడిగితే, మా నాన్నగారి భార్య, అంది. తప్పేం లేదు. అక్షరాలా నిజం. ఫ్రేము బిగించి, తుడిచి, సంచిలో పెట్టి ఇచ్చింది ఆమె. పిల్ల ఫోనులో తన నంబరు ఏ పేరుతో ఉందో కూడా తెలుసు, ఒకరోజు టేబులు మీద మోగుతుంటే చూసింది. కళ్ళజోళ్ళు అని ఉంది.

ఇవతలి గాజు దగ్గరికి ఒక చేప వచ్చి ఆగింది. నీలంగీత తళుక్కుమంది. దాని వెనక ఇంకొకటి. దాక్కున్నవి బయటికి వస్తున్నాయంటే నీళ్ళు నయమవుతున్నట్టే లెక్క. చేపలకి ఏమీ కాలేదు, నత్తలకీ కాలేదు, వెనక ఎర్రాకు మొక్కలు ఒక్క ఆకు రాల్చలేదు. అన్నీ బాగానే ఉన్నాయి. ఏది ఒక్కటి బాగుండాలో అది తప్ప.

ఎందుకంటే వెళ్ళేముందు పిల్ల స్వయంగా వచ్చి అప్పగించింది. సెలవులకి తల్లి దగ్గరికి వెళ్తున్న రోజు, బ్యాగు భుజానికి తగిలించుకుని, గదిలోకి వచ్చి నిలబడి, ఆమె తలెత్తేదాకా ఆగి, తొట్టి చూసుకుంటారా, అంది. ఇదివరకు ఎప్పుడు వెళ్ళినా తండ్రికి చెప్పి వెళ్ళేది, కాగితం మీద రాసి అంటించి వెళ్ళేది. నాన్న మర్చిపోతాడు, మీరైతే మర్చిపోరు, అంది. మేత ఎంత వెయ్యాలో చూపించింది, వేరు దగ్గర ఇసుకలో ఎరువుబిళ్ళ ఎలా గుచ్చాలో చేయి పట్టుకుని చూపించింది, అవును, చేయి పట్టుకుని. చల్లటి సన్నటి వేళ్ళు. మిగతావి ఎలా పోయినా పర్లేదు, అదొక్కటి జాగ్రత్త, అంది. సరేలే అమ్మాయ్, నాకొదిలేయ్, అంది ఆమె, ఎంత మామూలుగా అందంటే ఆ రోజంతా దుకాణంలో తనలో తను నవ్వుకుంటూనే ఉంది. ఒక ముసలాయనకి దగ్గరచూపు అద్దం దూరపుచూపు ఫ్రేములో బిగించింది కూడా.

మరి అంత నవ్వుకున్న మనిషి ఆ తొట్టిని ఎందుకు కదిపించినట్టు. గోడ చెమ్మ పట్టింది, నిజమే. రంగులేసేవాడు ఇప్పుడు కాకపోతే వానలు పోయేదాకా రానన్నాడు, అదీ నిజమే. తొట్టి కిటికీ పక్క గోడకి జరిపితే హాలు విశాలంగా ఉంటుంది అని అతనితో అంది, నీ ఇష్టం, అన్నాడు అతను. ఆ మనిషికి వచ్చిన మాట అదొక్కటే. ఊళ్ళో వాళ్ళందరినీ పైకెక్కిస్తాడు, కిందికి దింపుతాడు, తను మాత్రం ఏ అంతస్తులోనూ ఆగడు. కానీ చెమ్మ నెపమే. తలుపు తియ్యగానే ఎదురుగా ఆవిడ అడవి కనిపించకూడదు, అదీ సంగతి. దుకాణం నుంచి కాళ్ళు పీకుతూ వచ్చి తాళం తీస్తే, మొదట కనిపించేది తను కొన్న లేతపసుపు సోఫా అయి ఉండాలి, ఒక్కరోజైనా, ఇది నా ఇల్లు అనిపించాలి. అంతే కదా అడిగింది. అడవిని నరకమనలేదు, నాలుగడుగులు పక్కకి జరపమంది. నీళ్ళు తోడారు, చేపల్ని బకెట్లో వేశారు, అతనూ రంగులేసేవాడూ చెరో పక్కా పట్టుకుని హుష్‌మంటూ జరిపారు, కొత్తనీళ్ళు పట్టారు, పైన తొట్టి దీపం పెట్టారు. ఆ సాయంత్రం సోఫాలో కూర్చుని టీ తాగుతుంటే ఇల్లు తన మాట విన్నట్టు అనిపించింది.

రెండు రోజులు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక ఆకు గాజులా అయింది. ముట్టుకుంటే వేళ్ళకి జిగురులా అంటుకుంది. మర్నాటికి ఇంకో నాలుగు, ఆ మర్నాటికి మొత్తం, ముదురాకుపచ్చ ఆకులన్నీ నాని, సాగి, కరిగి, కాడల నుంచి జారిపోయి ఇసుక మీద పడ్డాయి. నత్తలకి పండగ. వాడిపోవడం తెలుసు, ఎండిపోవడం తెలుసు, మొక్క కరిగిపోవడం ఏమిటి, సబ్బుబిళ్ళా? దీపం పెంచింది, తగ్గించింది, ఎరువుబిళ్ళ ఇంకోటి గుచ్చింది, మేత ఆపింది. అతను వంగి చూసి, పాప మొన్న ఫోన్లో మొక్క గురించి ఏదో చెప్పింది, బండి చప్పుడులో సరిగ్గా వినలేదు, వాళ్ళమ్మ ఏదో అందట, నువ్వే ఆవిడకి ఫోన్ చేసి అడగరాదూ, అన్నాడు. మీరే చెయ్యండి, అంది. నేనా, మాట్లాడి ఏడాది దాటింది, ఇప్పుడు మొక్క కోసమా, బాగుండదు, అన్నాడు. తను చేస్తే బాగుంటుందన్న మాట. నంబరు ఉంది, స్కూలు వాళ్ళు ఇద్దరివీ కావాలంటే తీసుకుంది, పాప అమ్మ అని రాసుకుంది. బొటనవేలు ఆ పేరు మీద పెట్టి ఎంతసేపు కూర్చుందో. ఏమని అడగాలి? నమస్తే అండి, మీ మొగుణ్ణి చేసుకున్నాను, మీ పిల్లకి అన్నం పెడుతున్నాను, మీ వంటింట్లో మీ గరిటెతో తిప్పుతున్నాను, మీ మొక్క మాత్రం నా చేతిలో ఇమడటం లేదు, కాస్త ఎలాగో చెప్తారా? ఫోను పక్కన పడేసింది. ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది.

కొనడం తేలిక. ఊరి చివర చేపల దుకాణం, వరసగా తొట్లు, వేడి, తేమ, ఒకరకం నాచువాసన. ఫోనులో పాత ఫొటో చూపిస్తే దుకాణంవాడు కళ్ళు చికిలించి, ఇదా, అని ఒక చిన్న కుండీ తీసిచ్చాడు. అదే ఆకు. అదే ముడత, కాకపోతే మరికాస్త నిటారు, మరికాస్త మెరుపు. పాతదానికన్నా బాగుంది కూడా అనిపించింది, రెండోది బాగుంది అని మనసులో అనుకుంది, తనకి తనే నవ్వొచ్చింది. డబ్బాలో పెట్టిస్తూ వాడు, మొదట్లో కొంచెం ఇబ్బంది పెడుతుంది మేడం, కంగారు పడకండి, అలవాటు పడ్డాక అదే... అంటూ ఏదో మొదలుపెట్టాడు. ఆమె వినలేదు. రెండుచూపుల అద్దాలు కొన్న ప్రతివాళ్ళకీ ఆ మాటే చెప్పి పంపుతుంది తను, మొదట్లో కొంచెం ఇబ్బందిగా ఉంటుందండీ, మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త, అలవాటైపోతుంది. అమ్మేవాళ్ళ మాట అమ్మేవాళ్ళకి తెలియదా. సరే సరే అని డబ్బా లాక్కుని వచ్చేసింది.

ఆ తర్వాతిదాని గురించి ఆలోచించకూడదనే ఇంతసేపూ ఇవన్నీ ఆలోచిస్తోంది. ఆలోచన ఆగుతుందా, ఆ మొక్క వేళ్ళలాగే ఎక్కడ లాగినా వస్తుంది. పాతదాన్ని తియ్యాలిగా మరి, కొత్తదాన్ని పెట్టాలంటే. పైన మిగిలింది నాలుగు కుళ్ళిన కాడలు, రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తితే ఊడి వస్తుందనుకుంది. రాలేదు. గట్టిగా లాగింది. రాలేదు. మోచెయ్యి దాకా ముంచి, గుప్పిట్లో పట్టుకుని లాగితే, ఇక్కడ లాగుతుంటే అక్కడ ఇసుక లేచింది, దుంగ కింద లేచింది, తొట్టి అవతలి మూల ఫిల్టరు దగ్గర లేచింది, అమ్మో, ఎంత దూరం పాకింది ఈ మనిషి, ఎక్కడ చూసినా ఈవిడే, ఈ ఇంట్లో ఎక్కడ గోరు పెట్టి గీకినా కింద ఈవిడే, సోఫా కింద, గోడ కింద, పిల్ల నవ్వు కింద, అతని నిద్ర కింద, ఆవిడ పోయింది పోయింది అన్నారు గానీ ఎక్కడికి పోయింది, ఆకులే పోయాయి. లాగింది. పీచు పీచుగా, మూరెడు పొడవున, తెల్లగా, గట్టిగా వచ్చాయి వేళ్ళు. చచ్చినవాటికి అలాంటి వేళ్ళుండవు. అది తెలియడానికి ఇంజనీరు చదువు అక్కర్లేదు. ఇంకా ఉంది. వేళ్ళకీ కుళ్ళిన కాడలకీ మధ్య, మొదట్లో, బియ్యపు గింజంత లేతాకుపచ్చ మొన, చుట్ట చుట్టుకుని. మసకలో కనపడలేదని అనుకోవడానికి లేదు, రోజూ నలుగురి చేత కంటిపరీక్ష అట్ట మీది చివరి వరస చదివించే మనిషి ఆమె. చూసింది. బాగా చూసింది.

మళ్ళీ గుచ్చెయ్యొచ్చు, ఆ క్షణంలో. గుచ్చేస్తే? పిల్ల వచ్చేసరికి నడిమధ్య ఉత్త ఇసుక. ఏమైంది అంటుంది, మర్యాదగా. కరిగిపోయింది అని తను చెబుతుంది, వేళ్ళు బాగానే ఉన్నాయి, మళ్ళీ వస్తుంది అని చెబుతుంది. ఎందుకు కరిగింది అంటుంది. తొట్టి జరిపాను అంటుంది. ఎందుకు జరిపారు అంటుంది. అక్కడికొచ్చి ఆగిపోతుంది మాట. ఆ తర్వాత ఎన్ని నెలలో, ఆ మొన విచ్చుకుని, ఆకై, ఇంకో ఆకై, నడిమధ్య మళ్ళీ నిలబడితే ఆడబిడ్డ వచ్చి చూసి, అదీ, దాని చేతి చలవ, ఎవరెంత పీకినా పోదు, అంటుంది. అన్ని నెలలూ తను ఆ ఉత్త ఇసుక చుట్టూ తప్పుకుని తిరగాలి. వద్దు. ఏం, ఒక్కసారి తనేదైనా నాటితే, అది బతికితే, అది తనదైతే ఏం పోయింది ఎవరికైనా? గిన్నెలో వేసింది, గిన్నె మీద పళ్ళెం మూసింది, మూడంతస్తులు దిగి వీధి చివర చెత్తడబ్బాలో బోర్లించి, పైన పాత పేపరు వేసి వచ్చింది. బండి కూడా వచ్చి ఎత్తుకుపోయింది. ఇప్పుడు ఏడ్చినా రాదు.

అన్నట్టు నీళ్ళు. ఎప్పుడు తేరుకున్నాయో తెలియలేదు. దుంగ అంచు కనిపిస్తోంది, నాచు కనిపిస్తోంది, నాచు మీద తేరిన మట్టిని చేపలు తోకలతో దులుపుతున్నాయి. నడిమధ్య అది, కొత్తది, పెళ్ళికూతురిలా తయారై నిలబడి ఉంది. కుండీలో మొక్క వేళ్ళకి చుట్టిన దూదిలాంటి పీచు ముక్కొకటి పైన తేలుతుంటే చెంచాతో తీసేసింది. సోఫాలో కూర్చుని చూసింది, తలుపు దగ్గర నిలబడి చూసింది, పిల్ల ఎత్తుకి వంగి చూసింది. ఏం తేడా ఉంది. ఏ తేడా లేదు. గుండె కాస్త కుదుటపడింది. కుదుటపడీ పడకుండానే మెట్ల మీద చప్పుడు, మొదట అతని బరువు అడుగులు, వాటిని దాటుకుంటూ పిల్లవి.

పిల్ల బ్యాగు గుమ్మంలోనే వదిలేసి, చెప్పులతోనే, ఎదురుగా సోఫాని చూసి ఆగి, కిటికీ వైపు తిరిగి, పరుగున వెళ్ళి తొట్టి ముందు మోకాళ్ళ మీద కూలబడింది. వెనక అతను లోపలికి వచ్చాడు, తొట్టి చూశాడు, పొద్దున తను చూసి వెళ్ళిన ఉత్త కాడల చోట నిండు మొక్కని చూశాడు, ఆమెని చూశాడు. ఏదో అనబోయి, "స్నానం చెయ్యమ్మా, దుమ్ము కొట్టుకుపోయావు" అని పిల్లతో అని, తన గదిలోకి వెళ్ళిపోయాడు. నీ ఇష్టం అని ఆ వీపు మీద రాసి ఉంది.

"ఏం కాలేదే!" అంది పిల్ల. గాజు మీద రెండు చేతులూ ఆనించింది. "ఒక్క ఆకు కూడా కరగలేదే!"

"కరగడమేంటి అమ్మాయ్?" అంది ఆమె.

"అయ్యో, నాన్న చెప్పలేదా? తొట్టి జరిపారని నాన్న ఫోన్లో అనగానే అమ్మ చెప్పింది. చోటు మారితే అది మొత్తం కరిగిపోతుందంట, చచ్చిపోయినట్టే ఉంటుందంట, కానీ పీకకూడదంట. వేళ్ళు బతికే ఉంటాయంట, వదిలేస్తే మళ్ళీ వస్తుందంట. మీకు చెప్పమని నాన్నకి చెప్పాను. దారి పొడుగునా భయపడుతూ వచ్చాను తెలుసా." నవ్వుతూ ఫోను తీసి తొట్టికి దగ్గరగా పెట్టి ఫొటో తీసింది, పంపింది, మోగించింది, చెవికి పెట్టుకుంది. "అమ్మా, చూశావా? నీ మాట తప్పైంది ఈసారి. ఒక్క ఆకు పోలేదు. పిన్ని ఎంత బాగా చూసుకుందో!"

పిన్ని. చూసుకుంది. చూసుకున్నారు కాదు, చూసుకుంది. మూడేళ్ళు ఎదురుచూసిన మాట, ఎవరో మామూలుగా చెంబుడు నీళ్ళిచ్చినంత తేలిగ్గా ఇచ్చేసింది పిల్ల, ఇచ్చినట్టు కూడా దానికి తెలియదు. సంతోషం రావాలి కదా, ఏది, ఎక్కడ ఆగిపోయింది. పిల్ల ఫోనులో వింటోంది, నవ్వు కొంచెం తగ్గింది, ఊఁ, ఊఁ, అంది, "అమ్మ నీతో మాట్లాడుతుందట" అని ఫోను చేతిలో పెట్టింది.

వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. అవతల గాలి చప్పుడు, దూరంగా ఏదో యంత్రం మోత. నది ఒడ్డున నిలబడి ఉన్నట్టుంది ఆవిడ.

"నమస్తే అండి. పాప పక్కనే ఉందా?"

"లేదు. వంటింట్లోకి వచ్చాను."

"అది పాతది కాదు కదండీ."

ఆమె తలుపు ఇంకాస్త దగ్గరగా లాగింది. ఆవిడ తిట్టే గొంతుతో కాదు, పని గురించి చెప్పే గొంతుతో చెప్పింది. "నీళ్ళన్నీ మార్చి, చోటు మార్చాక అది కరక్కుండా ఉండదు. అయినా ఆకులు చూస్తే తెలుస్తోంది. దుకాణంవాళ్ళు వాటిని గాలిలో పెంచి అమ్ముతారు. గాలిలో పుట్టిన ఆకు నీళ్ళలో నిలవదండీ. ఇది కూడా కరుగుతుంది, వారంలోపే. పాతది ఉందా?"

"పారేశాను."

"వేళ్ళతోనా?"

"వేళ్ళతోనే."

"మొలక ఏమైనా కనిపించిందా?"

చూడలేదు అనొచ్చు. ఎవరు చూడొచ్చారు. "కనిపించింది" అంది.

అవతల యంత్రం ఆగింది. ఆవిడ నవ్విందో, నిట్టూర్చిందో. "నేనూ అదే చేశానండీ. పాప తన చేత్తో నాటింది మొదటి మొక్క. దుంగ పెట్టడానికని తొట్టి అంతా కెలికాను, కరిగిపోయింది. మొలక కనిపిస్తూనే ఉంది, అయినా పీకేశాను. పాప బడి నుంచి వచ్చి ఏడుస్తుందని హడావిడిగా కొత్తది తెచ్చి పెట్టాను. అదీ కరిగింది, పీకకుండా వదిలేస్తే మళ్ళీ వచ్చింది, అప్పుడు తెలిసింది. మీరిప్పుడు పారేసింది ఆ రెండోదే. పాపకి ఇప్పటికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి. చోటు మారింది కదా, కొన్ని ఆలస్యంగా కరుగుతాయి అని నేను ఇవాళే పాపకి చెప్పి ఉంచుతాను. మీకు మాట రాదు. మీరు మాత్రం ఈసారి పీకకండి."

"సరేనండి" అంది ఆమె. థాంక్స్ అనాలేమో. ఆవిడే పెట్టేసింది ఫోను, పని ఉందని.

తిట్టి ఉంటే బాగుండేది. నువ్వెవరు నా మొక్క పీకడానికి అని కేకలేసి ఉంటే, అప్పుడు తనూ అనేది, మూడేళ్ళవి అన్నీ అనేది, రెండు వైపులా సరిపోయేది. తిట్టలేదు. కాపాడింది. ఇక ఈ ఇంట్లో ఆవిడ ఇచ్చిన అబద్ధం కట్టుకుని తిరగాలి, పిల్ల పిన్నీ అన్న ప్రతిసారీ అది ఆవిడ పెట్టిన భిక్షే. ఇల్లు ఆవిడ ఉండి విడిచింది, మొగుడు ఆవిడ కట్టుకుని విడిచింది, పిల్ల ఆవిడ కన్నది. ఒక్క పాపం, నడుం వంచి, గుప్పిట పట్టి, తెలిసి తెలిసి చేసిన ఒక్క పాడు పని, అదైనా తన సొంతం అనుకుంది. అది కూడా ఆవిడే ముందు చేసింది.

హాల్లోకి వచ్చి ఫోను ఇచ్చి, తొట్టి ముందు నేల మీద కూర్చుంది. పిల్ల జరిగి జరిగి వచ్చి, భుజానికి తల ఆనించింది. తేలికగా ఉంది తల, పిట్ట అని ఊరికే పెట్టలేదు. ఆమె కదలకుండా కూర్చుంది.

"ఏమంది పిన్నీ అమ్మ?"

"కరిగినా కంగారు పడొద్దంది. పీకొద్దంది."

"చెప్పానా? అమ్మకి అన్నీ తెలుసు."

"తెలుసు" అంది ఆమె. "అన్నీ తెలుసు."